క్వారీ రోడ్డు మీద మూడొందల మంది

జూన్ 19, గురువారం

పొద్దున మొదటి వింత: ఏఈ శ్రీమన్నారాయణ గారు నాకు కుర్చీ వేయించారు.

మండల ఆఫీసులో మా వేములబండ వాళ్లు నిలబడటానికే పుట్టారని ఇన్నాళ్లూ అనుకున్నాను. మొన్న నాన్న రేషన్ కార్డు పని మీద వెళ్లి రెండు గంటలు గోడకు ఆనుకుని వచ్చాడు. ఆ గోడ మీద తల ఎత్తున ఒక నూనె మరక ఉంది. మా ఊరంతా కలిసి వేసిన ముద్ర అది. నేను మాత్రం కూర్చున్నాను. సివిల్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం దాటితే ఇంత సుఖం ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

సొంత ఊళ్లకు వెళ్లి సమాజానికి సేవ చేసి రమ్మని కాలేజీ వాళ్లు అందరినీ పంపారు. నా స్నేహితురాళ్లు తలా ఒక వేప మొక్క నాటి, ఫొటో దిగి, సమాజాన్ని దాని మానాన వదిలేశారు. నేను రోడ్లు తీసుకున్నాను. ఏఈ గారి దగ్గర ఒక ఉత్తర్వు ఉంది. దాని నెత్తిన 'సుస్థిర క్రియాశీల రవాణా ప్రణాళిక' అని రాసి ఉంది. ఎంత బాగుందో! నాలుగుసార్లు చదివాక అర్థమైంది: కాళ్లు, సైకిళ్లు.

మా ఊరికి ఒక్క పనే మంజూరు. ఊరి నుంచి క్వారీ దాకా రోడ్డు పక్కన రెండు కిలోమీటర్లు, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ విడిగా దారి వేయవచ్చు. లేదా హైస్కూలు గ్రౌండు చుట్టూ లైట్లు పెట్టి వాకింగ్ ట్రాక్ వేయవచ్చు. రెండోది ఎరువుల కొట్టు వెంకటకృష్ణ గారి కోరిక. ఆయనకు షుగరు. డాక్టరు నడవమన్నాడు. అందుకని ఆయన రోజూ కారెక్కి గ్రౌండుకు వెళ్లి నడుస్తాడు.

క్వారీ రోడ్డు మీద పొద్దున నాలుగు గంటల్లో మూడు వందల మంది నడుస్తూనో సైకిలు మీదో పోతున్నట్టు లెక్క తేలితే దారి, తేలకపోతే ట్రాక్. సోమవారం, ముప్పయ్యో తారీకున మీటింగు. ఆ లెక్క తీసే పని నాది.

ఇంటికొచ్చి చెప్పాను. నాన్న క్వారీలో బండలు తీస్తాడు, సైకిలు మీద పోతాడు. అమ్మ ఆ పక్కనే ఉన్న పాలిష్ ఫ్యాక్టరీకి నడిచిపోతుంది. లారీ పక్కన పోయినప్పుడల్లా తన పైట దాని నంబరు ప్లేటు తుడిచి వస్తుందని అమ్మ అంటుంది. పక్కింటి మౌలాలీ మామ పైట వేసుకోడు కాబట్టి, పోయినేడు లారీ ఆయన సైకిలునూ ఎడమ కాలునూ తీసుకుపోయింది.

నాన్న అంతా విని, "నడిచేటోళ్లని లెక్కబెట్టటానికా నేను అంత ఫీజు కట్టింది?" అన్నాడు.


జూన్ 20, శుక్రవారం

ఈ ఏడాది కాలేజీ లైబ్రరీలో అట్ట ఊడిన నిఘంటువు ఒకటి దొరికినప్పటి నుంచి నాకు మాటల పిచ్చి పట్టింది. ఈ రోజు దొరికినవి: పాదచారి, నిష్పాక్షికం, గోప్యత. పాదచారి అంటే నడిచే మనిషే, కానీ ఆ మాట వినగానే ఇస్త్రీ బట్టలు వేసుకున్నట్టు ఉంటుంది. అమ్మను పాదచారి అని పిలిచాను. చీపురు చూపించింది.

నాన్నను ద్విచక్ర చోదకుడు అన్నాను. కాసేపు ఆలోచించి, తిట్టా అని అడిగాడు.


జూన్ 21, శనివారం

సుహైల్ నర్సరావుపేట నుంచి బుధవారం వస్తానన్నాడు. క్లాసులో నా తర్వాత అంత శ్రద్ధగా చదివేది అతనొక్కడే. రోడ్డుకు అటువైపు అతను, ఇటువైపు నేను. జీతం అక్కర్లేదట, తిండి చాలట. జీతమే చవకేమో.


జూన్ 22, ఆదివారం

లెక్క ఏ రోజు తీయాలో పుస్తకంలో స్పష్టంగా ఉంది. సోమవారం, శుక్రవారం పనికిరావు. శని, ఆదివారాలు అసలే పనికిరావు. మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి, పండగ కాని రోజు, వాన లేని రోజు ఎంచుకోవాలి. నేను బుధవారం అనుకున్నాను. ప్రభుత్వ సెలవుల జాబితా చూశాను, లేదు. సుహైల్ తన వైపు పండగలు చూశాడు, లేవు. చర్చికి వెళ్లే రేచల్ అక్కను అడిగాను, ఏమీ లేదంది. మూడు మతాలనూ అడిగి లెక్క పెట్టిన ఇంజనీరు ఈ జిల్లాలో ఇంకొకరు ఉన్నారా?

టైమ్‌టేబుల్ పెద్ద కాగితం మీద రాసి, గోడ మీద క్యాలెండరుకు అంటించాను. ఇంట్లో మేకు అదొక్కటే.

ఇంకొక నిర్ణయం. ఏ రోజు లెక్క తీస్తున్నానో అమ్మానాన్నలకు చెప్పను. చెబితే వాళ్లు క్వారీలో చెబుతారు, జనం కావాలని నాలుగుసార్లు తిరుగుతారు, లెక్క పాడవుతుంది. దీన్నే గోప్యత అంటారు. కాగితంలో కూడా 'కార్యక్రమం' అనే రాశాను.


జూన్ 24, మంగళవారం

నిద్ర పట్టడం లేదు. మూడు వందలు దాటితే ఈ దారి నేను వేయించినట్టే. ప్రారంభోత్సవంలో నా పేరు ఎన్నో లైనులో ఉంటుందో.

వినయం అనే మాట చూసి పడుకోవాలి.


జూన్ 25, బుధవారం

ముప్పై తొమ్మిది.

అయిదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా క్వారీ మలుపులో కూర్చున్నాం. నడిచినవాళ్లు ఇరవై మూడు మంది. సైకిళ్లు పదహారు. ఆ ఇరవై మూడులో ఒక పూజారి, ఒక కోయదొర, దున్నపోతు వెంట పరిగెత్తే ముసలాయన ఉన్నారు. ముసలాయన ముందు అటు, తర్వాత ఇటు వెళ్లాడు కాబట్టి రెండు అయ్యాడు. లారీలు కూడా నాలుగే. సుహైల్‌కు పని లేక గేదెలకు ఒక కాలమ్ గీశాడు. గేదెలు అరవై ఒకటి. గేదెలకు దారి వేయమంటే మంజూరు అయ్యేటట్టు ఉంది.

మలుపులో టీ కొట్టు మూసి ఉంది, రోజూ దాని బల్ల మీద కూర్చునే మౌలాలీ మామ కూడా లేడు. ఎంత ప్రశాంతంగా ఉందో ఆ రోడ్డు. అమ్మ చెప్పినదంతా కొంచెం ఎక్కువ చేసి చెప్పిందేమో అనిపించింది.

బాధ వేసింది, నిజమే. కానీ నిష్పాక్షికం అనే మాట నేర్చుకున్నాక దానికి తగ్గట్టు ఉండాలి. అంకెలకు మనమంటే ప్రేమా లేదు, కోపమూ లేదు. (ఈ వాక్యం రిపోర్టులో పెట్టాలి.)

ఇంటికి వస్తే నాన్న మంచం మీద పడుకుని ఉన్నాడు. నా కోసమే ఆగాడనుకుంటా, పైకి చెప్పడు. అమ్మ గారెలు వేసింది. సుహైల్ పదకొండు తిన్నాడు. పొద్దున్నే ఎక్కడికి పోయావని నాన్న అడిగాడు. గోప్యం అన్నాను. సుహైల్ వైపు చూసి, "ఈ పిల్లోడితోనా గోప్యం?" అన్నాడు. సుహైల్‌కు పన్నెండో గారె గొంతులో అడ్డం పడింది.


జూన్ 26, గురువారం

మధ్యాహ్నం రిపోర్టు ఇచ్చాను. ఇరవై రెండు పేజీలు, మూడు రంగుల్లో పటాలు. 'గ్రామీణ ప్రజానీకం క్రమేణా నడకకు దూరమగుచున్నది' అనే వాక్యానికి ఒక పూట పట్టింది. ఏఈ గారు మొదటి పేజీ, చివరి పేజీ చూసి సంతకం పెట్టించుకున్నారు. అక్కడే ఉన్న వెంకటకృష్ణ గారు నన్ను బంగారుతల్లి అని, మిఠాయి పొట్లం చేతిలో పెట్టారు. అందులో ఆయన తినకూడనివే ఉన్నాయి.

సాయంత్రం అయిదున్నరకు క్వారీ మలుపులో ఆటో దిగాను. ఎదురుగా జనం.

ముందు సైకిళ్లు వచ్చాయి, రెండేసి, మూడేసి. తర్వాత ఆడవాళ్లు, తలగుడ్డల మీద తెల్లగా రాతిపొడి, చేతుల్లో క్యారేజీలు. ఒక లారీ హారన్ కొట్టింది, అందరూ ఒక్కసారిగా కంపచెట్లలోకి ఒరిగారు. అది పోయాక మళ్లీ రోడ్డెక్కారు, మాట కూడా మధ్యలో ఆపలేదు. నా వేళ్లు వాటంతట అవే లెక్క మొదలుపెట్టాయి. నూట ఎనభై దాకా వచ్చి ఆగాను. ఇంకా వస్తూనే ఉన్నారు.

టీ కొట్టు బల్ల మీద మౌలాలీ మామ కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఈ రోజు ఏమైనా విశేషమా మామా, ఇంతమంది ఉన్నారేంటి అని అడిగాను.

"విశేషం నిన్నగా," అన్నాడు.

"నిన్న ఏముంది?"

"నిన్న అమాస. అమాస నాడు క్వారీలో సమ్మెట ఎవుడు ఎత్తుతాడే? బండ తీసేవోడు రాడు, మేస్త్రీ రాడు, లారీ కూడా లోడెక్కదు. మాకు శుక్రవారం సెలవు లేదు గాని, అమాసకి మాత్రం ఉంది. బండోడి కూతురివి, నన్నడుగుతావేంది?"

మిఠాయి పొట్లం మామకు ఇచ్చేసి వచ్చాను.

ఇంట్లో నా టైమ్‌టేబుల్ పైకెత్తి చూశాను. కింద క్యాలెండరులో ఇరవై అయిదో తారీకు గడిలో నల్లటి గుండ్రం. కుంకుడుకాయంత. నేను దాని మీదే జిగురు రాశాను.

నాకు తెలియని సంగతి కాదు. చిన్నప్పుడు నెలకొక రోజు నాన్న ఇంట్లో ఉండేవాడు, సమ్మెటకు పసుపు రాసి కొబ్బరికాయ కొట్టేవాడు. నేను చిప్ప కోసం కాచుకుని కూర్చునేదాన్ని. నాలుగేళ్ల హాస్టల్లో ఆదివారాలకు అలవాటుపడి మరిచిపోయాను. మూడు మతాలనూ అడిగాను గానీ మా నాన్నను అడగలేదు.


జూన్ 27, శుక్రవారం

ఎవరికీ తెలియదు. మౌలాలీ మామకు నేను ఎందుకు అడిగానో తెలియదు. సుహైల్‌కు అమావాస్య అంటే ఏమిటో తెలియదు.

పైగా వాకింగ్ ట్రాక్ కూడా నడకే. వెంకటకృష్ణ గారి షుగరు కూడా ప్రజారోగ్యమే. ఆ దారి వచ్చే ఏడాది ఎలాగూ వేస్తారు. వేయవచ్చు. వేసే అవకాశం కలదు.

'కలదు' అనే మాట ఎంత నీచమైనదో ఈ రోజే తెలిసింది.


జూన్ 28, శనివారం

అమ్మ ఒక్క చెప్పుతో ఇంటికి వచ్చింది.

మలుపు దగ్గర రెండు లారీలు ఒకదాన్నొకటి దాటబోయాయట. అమ్మ కంపలోకి దూకింది. క్యారేజీ మూత ఎటో పోయింది. రెండో చెప్పు కాలువలో ఉందట. "రేపు దాని పనిబడతా," అని నవ్వింది. లారీ డ్రైవరును తిట్టిన తిట్లు వరసగా చెప్పింది. వాటిలో మూడు నిఘంటువులో లేవు, రాసుకున్నాను.

గుమ్మంలో కూర్చోబెట్టి పిన్నీసుతో ముళ్లు తీశాను. చేతిలో తొమ్మిది, మడమలో అయిదు. మడమలో ఒకటి లోపలే విరిగింది. నేను పిన్నీసు లోపలికి పెట్టేసరికి అమ్మ నవ్వు ఆపింది. అంతసేపు నవ్వింది నేను భయపడకూడదనేనని అప్పుడు తెలిసింది.

తర్వాత అడిగింది. "మన దారి వచ్చుద్దంటనా?"

చెప్పేశాను. మొత్తం. ముప్పై తొమ్మిది, గేదెలు, ఇరవై రెండు పేజీలు.

నాన్న ముందు నమ్మలేదు. తర్వాత మంచం పట్టె పట్టుకుని నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "అమాస నాడంట! ఒసే గంగా, అమాస నాడు పోయి లెక్కబెట్టిందంటే నీ కూతురు!" అమ్మ నవ్వలేదు. మడమ చూసుకుంటూ ఉంది. నాన్న అది గమనించి ఆగాడు.

రిపోర్టు మీద సంతకం పెట్టానని చెప్పాను. ఇప్పుడు మారిస్తే పరువు పోతుందని, కాలేజీలో మార్కులు పోతాయని, ఏఈ గారు ఇంక కుర్చీ వేయరని కూడా చెప్పాను.

"బండ అడ్డంగా పగిలితే దాని మీద గోనెపట్టా కప్పి లారీ ఎక్కిస్తామా?" అన్నాడు నాన్న. "పగిలిందని చెప్పి పక్కనేస్తాం. మేస్త్రీ నాలుగు తిడతాడు. ఇంకోటి తీస్తాం. నాకు పాతికేళ్ల నించి ఇదే పని. నువ్వు ఒక్కటి పగలగొట్టావు, ఏమయ్యింది?"

అమ్మ మాత్రం ఒకటే అంది, సోమవారం తనకు చెప్పులు కావాలని.


జూన్ 29, ఆదివారం

సోమవారం చెప్పాల్సిన మాటలు రాశాను. మొదటి ప్రతిలో 'అనివార్య కారణముల వలన' అని ఉంది. కొట్టేశాను. రెండో ప్రతిలో 'క్షేత్రస్థాయి సమన్వయ లోపము' అని ఉంది. అదీ కొట్టేశాను. మిగిలింది ఒక్క లైను.

సుహైల్‌కు ఫోను చేసి చెప్పాను. "అయితే ఆ గారెలు పండగవా?" అన్నాడు.


జూన్ 30, సోమవారం

మీటింగులో పది మంది ఉన్నారు. ఏఈ గారు నా రిపోర్టు పైకెత్తి అందరికీ చూపించి, చాలా శాస్త్రీయంగా ఉందన్నారు. అప్పుడు లేచాను. కుర్చీ వెనక్కి పడింది.

"సార్, నా లెక్క తప్పు. నేను అమావాస్య నాడు లెక్కపెట్టాను."

ముందు నవ్వింది టీ తెచ్చిన అటెండరు. తర్వాత గదంతా. నవ్వనిది వెంకటకృష్ణ గారొక్కరే.

"సంతకం పెట్టి ఇచ్చిందిగా," అన్నారు ఆయన. "సదువుకున్న పిల్ల. ఇయ్యాల తప్పంటది, రేపు ఒప్పంటది. ఆఫీసు పని అట్టా నడవద్దు. ఉన్న లెక్క ప్రకారం చెయ్యండి."

నాకు కోపం రావాలి, కానీ ఆయన చెప్పింది సబబుగానే ఉంది. రాసుకున్న ఒక్క లైనూ అయిపోయింది. నోటికి వచ్చింది అడిగాను.

"బాబాయి గారూ, బుధవారం మీ కొట్లో ఎరువు లోడు దిగిందా?"

"అమాస నాడు లోడు ఎవుడు దించుతాడమ్మా? హమాలీలు రారుగా."

అని, నోరు మూసుకున్నారు. ఏఈ గారు కళ్లద్దాలు తీసి తుడుస్తూ, ఆ రోజు తన సైటులో కూడా మేస్త్రీలు రాలేదని, వాన అనుకున్నానని మెల్లగా అన్నారు. ఇరవై రెండు పేజీల్లో మొదటి పేజీ మీదే తేదీ ఉంది. అది ఆయన కూడా చదివారు. ఆ మాట నేను పైకి అనలేదు. ఈ మధ్య నాకు కొంచెం తెలివి వస్తోంది.

తేల్చింది ఇది. నిర్ణయం ఎల్లుండికి వాయిదా. రేపు మంగళవారం పొద్దున అదే మలుపులో మళ్లీ లెక్క. నా మీద నమ్మకం లేదు కాబట్టి పక్కన ఇంకొకరు కూర్చుని సంతకం పెట్టాలి. ఎవరు కూర్చుంటారంటే, నేనే కూర్చుంటానన్నారు వెంకటకృష్ణ గారు. మూడు వందలకు ఒక్కటి తగ్గినా ట్రాకేనని ముందే చెప్పారు. ఒప్పుకున్నాను. ఇంకేం చేస్తాను?

మళ్లీ కుర్చీ అడగకుండా ఆ నూనె మరక పక్కన నిలబడి కాగితం రాసిచ్చాను.

సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది. గోప్యత గంగలో కలిసింది. పాలిష్ ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఇంటి ముందుకు వచ్చి, తలా రెండుసార్లు అటూ ఇటూ తిరుగుతామన్నారు. మౌలాలీ మామ ఒంటికాలితో తను కూడా నడుస్తానన్నాడు, సగంగా వేసుకోమన్నాడు. నాన్న అయితే పక్క ఊరి బండోళ్లను కూడా సైకిళ్లు వేసుకుని రమ్మందామా అని అడిగాడు. అందరికీ దండం పెట్టి చెప్పాను, ఎవరి పనికి వాళ్లు, రోజూ పోయే టైముకు, ఒక్కసారే పొమ్మని. పనిలేనివాళ్లు ఇంట్లో ఉండమని.

"అట్టయితే చాలకపోతే?" అంది అమ్మ.

తెలియదన్నాను. నిజంగా తెలియదు. గురువారం సాయంత్రం నూట ఎనభై దాకే లెక్కపెట్టాను. ఆ తర్వాత ఎంతమంది వచ్చారో చూడలేదు. రేపు తెల్లవారుజామున వాన పడితే సగం మంది ఆటోలు ఎక్కుతారు. ఇప్పుడు మబ్బు పట్టి ఉంది.

రేపు పొద్దున: నాలుగింటికి లేవాలి. సుహైల్ మొదటి బస్సుకు వస్తాడు, ఈసారి గేదెల కాలమ్ వద్దని చెప్పాలి. పెన్సిళ్లు నాలుగు. వాన పడితే కాగితాల మీదకు యూరియా సంచి. రెండు కుర్చీలు టీ కొట్లో అడగాలి. నాది ఎక్కడైనా ఫర్వాలేదు. వెంకటకృష్ణ గారిది మాత్రం రోడ్డు తెల్ల గీతకు అవతల, కంపచెట్టుకు ఇవతల, అమ్మ రోజూ నడిచే జానెడు చోటులో వేయాలి. అక్కడైతే జనం బాగా కనిపిస్తారని చెప్పాలి. అది అబద్ధం కాదు. మొదటి లారీ ఆరు గంటల పది నిమిషాలకు వస్తుంది.

అమ్మ ఆరున్నరకు కొత్త చెప్పులతో నా ముందు నుంచి పోతుంది. అప్పుడు తల ఎత్తకూడదు, పలకరించకూడదు. నడిచేవాళ్ల కాలమ్‌లో ఒక గీత గీయాలి. ఒక్కటే.